ఎవరని అడుగుతుంది

లిఫ్టు తలుపులు తెరుచుకునేసరికి లోపల మనిషి నిలబడే ఉన్నాడు. ప్రాణం మాత్రం లేదు.

చంకల కింద ఉన్న ఉక్కు కడ్డీ అతన్ని పడిపోనివ్వలేదు. మెడలో కంపెనీ ఐడీ కార్డు, చెవి వెనక సన్నటి సూది గుర్తు. ప్రొఫెషనల్ పని. అతని కుడి పిడికిలి విప్పడానికి ఇద్దరు పోలీసులకు తలప్రాణం తోకకొచ్చింది. లోపల చిన్న స్క్రూడ్రైవర్ బిట్టు. దాని కొన ప్లస్సూ కాదు, మైనస్సూ కాదు. అయిదు రేకుల పువ్వు ఆకారం, నడిమధ్య ఒక బొడ్డు.

మధ్యాహ్నానికి ఆ బిట్టు సీక్రెట్ సర్వీసు ఆఫీసులో పెద్దాయన బల్ల మీదికి చేరింది. ఆఫీసంటే మరేం లేదు, ఒక జెరాక్స్ షాపు మేడ మీద రెండు గదులు. కింద మిషను నడిచినప్పుడల్లా పైన టీ గ్లాసులు వణుకుతాయి.

"ఏమిటిది?" అన్నాడు పెద్దాయన. సర్వీసులో ఆయనకంటే పెద్దవాడు లేడు గనక అదే ఆయన పేరు.

"సెక్యూరిటీ బిట్, సార్. బజార్లో దొరకదు. మనలాంటి వాళ్ళు మూత విప్పకూడదని కొన్ని కంపెనీలు ఇలాంటి స్క్రూలు చేయించుకుంటాయి. నన్నడిగితే, స్క్రూ విప్పనివ్వని వస్తువు మనం కొన్నట్టే కాదు. వాళ్ళ వస్తువే మన ఇంట్లో..."

"ఉపన్యాసం తర్వాత. కూర్చో."

ఏజెంట్ టంకం కూర్చున్నాడు. చొక్కా ఎన్నిసార్లు ఉతికినా సోల్డరింగ్ వాసన వదలని మనిషి. సర్వీసులోకి రాకముందు ఇదే మారుపేరుతో తన సర్క్యూట్లూ, ప్రోగ్రాములూ ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా పెట్టేవాడు. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ఒక్కటే షరతు: తీసుకున్నదాన్ని దాచిపెట్టి తాళం వేయకూడదు. ఆ పనితనం చూసే సర్వీసు అతన్ని పిలిచింది. కొత్త కోడ్ నేమ్ వెతికే ఓపిక లేక పాతదే ఉంచేసింది.

"చనిపోయినవాడు వెంటిలేటర్లు తయారుచేసే విదేశీ కంపెనీలో ఇంజినీరు," అన్నాడు పెద్దాయన. "మనవాడే, ఇక్కడివాడే. ఆ కంపెనీ పైకి కంపెనీ, లోపల గూఢచారి ముఠా. ఇవాళ సాయంత్రం నాలుగింటికి పెద్దాసుపత్రి ఊపిరితిత్తుల వార్డులో యంత్రాలన్నీ ఒక్కసారే ఆగిపోతాయి. ఎందుకో తెలీదు. ఆగడం మాత్రం ఖాయం."

టంకం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆ వార్డులో, కిటికీ పక్క మంచం మీద వాళ్ళక్క ఉంది.

అమ్మ పోయాక అతన్ని పెంచింది ఆ అక్కే. తన జీతం మీద కొన్న రేడియోను వాడు ముక్కలు ముక్కలుగా విప్పేస్తే, తిట్టకుండా మరుసటి వారం స్క్రూడ్రైవర్ల సెట్టు తెచ్చిచ్చిన అక్క. ఆమె ఊపిరితిత్తులు దెబ్బతిన్నప్పుడు చేపల తొట్టె మోటారుతో, పాత ప్రింటరు విడిభాగాలతో ఆమెకు ఊపిరి యంత్రం కట్టాడు టంకం. దానితోనే ఆమె ఏళ్ళు నెట్టుకొచ్చింది. పోయిన నెల జబ్బు ముదిరి ఆసుపత్రిలో చేరితే, డాక్టర్లు ఆ డబ్బాను చూసి నవ్వి, కంపెనీ యంత్రం తగిలించారు.

"వార్డు ఖాళీ చేయించండి, సార్!"

"యంత్రం కదిలించినా, వైరు తెంపినా అన్నీ లాక్ అయి ఆగిపోతాయట. వార్డంతటికీ సరిపడా గాలి బ్యాగులూ లేవు, నొక్కే చేతులూ లేవు. ఇది విను. ఆ ఇంజినీరు చచ్చిపోయేముందు ఇదంతా చెప్పడానికి మనకు చేసిన ఫోను, చివరి మాటలు."

పెద్దాయన రికార్డరు నొక్కాడు. ఆయాసపడుతున్న గొంతు: "టంకాన్నే పంపండి. తలుపు రెండుసార్లు తడితే ఎవరని అడుగుతుంది. జవాబు టంకానికి తెలుసు..." తర్వాత ఏదో పడిన చప్పుడు. అంతే.

"నాకే జవాబూ తెలీదు, సార్," అన్నాడు టంకం.

"కంగారుపడకు. 'అడుగుతుంది' అన్నాడు. అంటే ఆడమనిషి. ఆ కంపెనీలో మనకు పనిచేసే ఆడమనిషి ఒక్కతే ఉంది. నెమలి. వాళ్ళ సేల్స్ డైరెక్టరు, మన డబుల్ ఏజెంటు. మూడున్నరకి వార్డులోనే కలుస్తుంది. రక్త సంబంధం ఉన్నవాణ్ణి పంపకూడదని రూలు. కానీ వాడు నీ పేరే చెప్పి చచ్చాడు. వెళ్ళు. నేనూ దగ్గర్లోనే ఉంటా."

కంపెనీ సర్వీస్ టెక్నీషియన్ నీలం యూనిఫాం, అతికించిన మీసం, చేతిలో టూల్ బాక్సు. టంకం వార్డులో అడుగుపెట్టేసరికి వరసగా మంచాలు, మంచానికొక తెల్లటి పెట్టె, పెట్టెల్లోంచి బుస్సు బుస్సుమనే ఊపిరి. కిటికీ పక్కన అక్క. నోట్లో గొట్టం, మాట లేదు. ఆమెకవతల మంచం మీద ఎవరో ముసలాయన దుప్పటి ముఖం దాకా కప్పుకుని గురక పెడుతున్నాడు.

మీసం పెట్టుకున్నా అక్క తమ్ముణ్ణి ఇట్టే పోల్చుకుంది. కళ్ళు నవ్వాయి. వేలితో మంచం కడ్డీ మీద రెండుసార్లు కొట్టింది. టక్, టక్. తర్వాత యంత్రం వైపు చూపించింది. అలా చూపించడంలో ఏదో ఆత్రం ఉంది.

"అవునక్కా, అది చూడ్డానికే వచ్చా," అని గొణిగి, దిండు సర్దాడు. ఆమె విసుగ్గా తల తిప్పుకుంది.

హెడ్ నర్సు అడ్డొచ్చింది. ఆమెకు సర్వీసువాళ్ళు ముందే విషయం చెప్పారు. "ఏవండీ, దాని మూత విప్పితే వారంటీ పోతుందని ఆర్నెల్లుగా మా ప్రాణం తీస్తున్నారు ఈ కంపెనీవాళ్ళు. నిజంగా విప్పుతారా?"

"వారంటీ కాదమ్మా, మనుషులే పోయేలా ఉన్నారు. మీరు గాలి బ్యాగు పట్టుకుని అక్క పక్కన నిలబడండి."

చనిపోయినవాడి బిట్టు స్క్రూలో అతికినట్టు కూర్చుంది. మూత ఊడొచ్చింది. లోపలి బోర్డు చూడగానే టంకానికి ఎక్కడో చూసిన మనిషిని చూసినట్టు అనిపించింది. ఆలోచించే తీరిక లేదు. లాప్‌టాప్ తగిలించాడు. పాస్‌వర్డ్ అడిగింది.

వెనకనుంచి ఖరీదైన సెంటు వాసన. ఆకుపచ్చ పట్టు కోటు, ఎత్తు మడమల బూట్లు. నెమలి.

"జెరాక్స్ ఎంత?" అంది మెల్లగా. అది కోడ్.

"రంగుదా, నలుపుదా?" అన్నాడు టంకం. అది జవాబు.

"మంచిది. ఈ పాస్‌వర్డ్ కొట్టండి. అంతా ఆగిపోతుంది." చేతిలో చిన్న చీటీ పెట్టింది. టంకానికి ఆమె కాళ్ళ మీద పడాలన్నంత కృతజ్ఞత కలిగింది. గబగబా కొట్టి ఎంటర్ నొక్కాడు.

ఆగింది. అక్క యంత్రం.

ఎర్ర దీపం వెలిగింది. ఊపిరి చప్పుడు తెగిపోయింది. హెడ్ నర్సు "అయ్యో!" అని యంత్రం నుంచి గొట్టం ఊడదీసి దానికి బ్యాగు తగిలించి నొక్కసాగింది. మిగతా పెట్టెల మీద కూడా గడియారాలు ప్రత్యక్షమై వెనక్కి లెక్కపెడుతున్నాయి. నాలుగు గంటల దాకా ఆగే ఉద్దేశం ఇక వాటికి లేదు.

"ఏం చేశావ్?" అన్నాడు టంకం.

"నేనేం చేశాను? చేసింది నువ్వు," అంది నెమలి. ఆమె వేళ్ళ మధ్య లిప్‌స్టిక్ ఉంది. దాని అడుగున ఎర్ర బటను. "పైన వార్డు కెమెరా చూస్తోంది. సీలు వేసిన యంత్రాన్ని ఒక మరమ్మతుల పిచ్చివాడు విప్పాడు, వార్డంతా పోయింది. రేపు సభలో ఓటింగ్ ఉంది తెలుసా? ఏ యంత్రాన్నైనా జనం తెరిచి చూసుకునే హక్కు గురించి. ఈ వార్తతో ఆ చట్టం చచ్చిపోతుంది. తర్వాత మా పెట్టెలు కరెంటు స్టేషన్లలోకి వెళ్తాయి, రేవుల్లోకి వెళ్తాయి, మీ సైన్యంలోకి వెళ్తాయి. లోపలేముందో ఎవరూ చూడరు. ఎవరైనా నా మీద చెయ్యి వేస్తే ఇది నొక్కుతా, గడియారాలతో కూడా పని ఉండదు."

టంకం కీబోర్డు మీద పడ్డాడు. తెలిసిన దారులన్నీ తొక్కాడు. ప్రతి తలుపూ మూసే ఉంది. ఎంత తెలివైనవాడైనా గోడను చూసి చదవలేడు కదా! జీవితమంతా ఒకటే మాట వాదించాడు, లోపల ఏముందో చూడనివ్వండి, పదిమంది చూస్తే తప్పు దొరుకుతుందని. నవ్వారు. ఇప్పుడు ఆ మూసిన పెట్టెకు వాళ్ళక్క ప్రాణం కట్టేసి ఉంది. మీసం ఊడి కీబోర్డు మీద పడింది. ఏడుపొచ్చింది, ఏడుస్తూనే కొడుతున్నాడు.

"ఏవండీ, నా చేతులు లాగేస్తున్నాయి," అంది హెడ్ నర్సు. "ఈమెను నేను చూసుకుంటా. మిగతావాళ్ళ సంగతో?"

టక్, టక్.

అక్క. బ్యాగు గాలి మీద బతుకుతూ, మళ్ళీ కడ్డీ మీద కొడుతోంది. టక్, టక్. చూపు మాత్రం విప్పిన బోర్డు మీదే ఉంది. తమ్ముడు చిన్నప్పుడు వంద చెప్పినా వినకపోతే చూసే చూపు.

టంకం ఆమె చూపు వెంట వెళ్ళాడు. బోర్డు మూలన రెండు ఉత్త పిన్నులు. వాటికి తీగ లేదు, పని లేదు. ఏ ఇంజినీరూ అక్కడ అలాంటివి పెట్టడు. పెట్టినవాడు ఒక్కడే ఉన్నాడు. చేపల తొట్టె మోటారు రోజుల్లో, బటను కొనడానికి బద్ధకించి, రెండు పిన్నులు వదిలేసి, వాటిని పట్టకారుతో రెండుసార్లు తాకిస్తే తెరుచుకునేలా ప్రోగ్రాము రాసుకున్నాడు. ఆ ప్రోగ్రాములో దాని పేరు 'తలుపు'.

ముఠావాళ్ళు అతని డిజైన్ దొంగిలించారు. పేరు చెరిపేశారు, తాళం వేశారు. ఎవరైనా చదువుకోవచ్చని తెరిచిపెట్టినదాన్ని చదవకుండానే ఎత్తుకుపోయారు. బద్ధకంతో సహా. ఈ నెలంతా అక్క ఆ ఊపిరి వింటూ పడుకుంది. అది ఇంట్లో తన డబ్బా ఊపిరేనని చెవితోనే కనిపెట్టింది.

తలుపు రెండుసార్లు తడితే ఎవరని అడుగుతుంది.

అడుగుతుంది! ఆడమనిషైనా అడుగుతుంది, యంత్రమైనా అడుగుతుంది. తెలుగులో రెంటికీ అదే క్రియ. పెద్దాయన ఆ మాట పట్టుకుని నెమలి దగ్గరికి పంపాడు. పాపం, ఆ ఇంజినీరు చెప్పింది ఈ పెట్టె గురించి.

బిట్టు కొనతో పిన్నులు రెండుసార్లు తాకించాడు. చిన్న తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట మెరిసింది.

EVARU?

"అదేమిటి?" అంది నెమలి, మొదటిసారి గొంతు మారి. "ఆ మాట కాగితాల్లో చూశా. అది మోడల్ నంబరని చెప్పారే మా హెడ్ క్వార్టర్స్‌లో!"

వాళ్ళింట్లో ఎవరు తలుపు తట్టినా అక్క లోపల్నుంచి "ఎవరు?" అనేది. ఏ వయసులోనైనా, ఏ వేళైనా తమ్ముడు చెప్పే జవాబు ఒకటే. అక్కను ఆటపట్టించడానికే దాన్ని యంత్రంలో పెట్టాడు. పిచ్చి జవాబు తీసెయ్యరా, దొంగవెధవైనా అదే చెప్తాడని ఆమె అప్పుడే అంది. తీసేయలేదు.

NENE, అని కొట్టాడు టంకం.

CHEPPU, అంది యంత్రం.

గడియారాలు సున్నా మీద వాలుతున్నాయి. నెమలి బొటనవేలు బటను మీదికి జారింది.

AAGAKU.

పెట్టెలన్నీ ఒక్కసారే ఆగాయి. తర్వాత కిటికీ పక్క పెట్టె బుస్సుమంది. దాని పక్కది బుస్సుమంది. ఒకదాన్ని ఆపితే అన్నీ ఆగాలని కంపెనీవాళ్ళే కలిపిన వైర్ల వెంట ఆ ఒక్కమాట మంచం మంచానికీ పాకింది. నెమలి బటను నొక్కింది. మళ్ళీ నొక్కింది. లిప్‌స్టిక్ విరిగింది గానీ ఏ యంత్రమూ ఆమె మాట వినలేదు.

పక్క మంచం మీద గురక ఆగింది. దుప్పటి తొలగింది. పిస్టలుతో పెద్దాయన లేచి కూర్చున్నాడు.

"ఆ బటనుకు భయపడి ఇంతసేపూ గురక పెట్టాను. గొంతు పోయింది," అన్నాడు. "చేతులెత్తమ్మా."

టంకానికి అవేవీ పట్టలేదు. అక్క చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, మంచానికి తలానించి, యూనిఫాం తడిసేలా ఏడ్చాడు. "నాకు తెలీలేదక్కా. నువ్వు ముందే చెప్పావు, నాకు తెలీలేదు," అన్నాడు. ఆమె అతని తల మీద మెల్లగా కొట్టింది. టక్, టక్.

మర్నాడు సభలో చట్టం నెగ్గింది. టంకం మాత్రం పొగడ్తలకు ఆగకుండా ఇంటికెళ్ళి, తన పాత ప్రోగ్రాములో ఆ తలుపు పీకేసి, ఎందుకు పీకాడో అందరికీ కనిపించేలా రాసిపెట్టాడు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఎవరెవరో దాన్ని తిరగేసి, ఇంకా ఉన్న తప్పులు వెతికి మరీ చూపించారు. అంత ఆనందంగా తిట్లు తిన్న మనిషి ఇంకొకడుండడు.

అక్క కోలుకుని, తన చేపల తొట్టె డబ్బాతోనే ఇంటికొచ్చింది. ఒక సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి టంకం తలుపు తట్టాడు. టక్, టక్.

"ఎవరు?" లోపల్నుంచి అక్క గొంతు, కొంచెం బొంగురుగా.

"నేనే."

గడియ తీసిన చప్పుడు లేదు.

"అది ఊరందరికీ తెలిసిపోయిందిరా," అంది అక్క. "సెక్యూరిటీ కోసం పాస్‌వర్డ్ మార్చేశా. చెప్పు చూద్దాం."

దేశాన్ని కాపాడిన ఏజెంటు బూట్లు చేతపట్టుకుని, గుమ్మం బయటే నిలబడి ఆలోచించడం మొదలుపెట్టాడు.