పద్దెనిమిదో పాఠంలో ఇస్హాక్

ఇస్హాక్ చనిపోయి ఆరు నెలలు దాటింది. అయినా ప్రతి మంగళవారం, శుక్రవారం ఉదయం పదకొండు గంటలకు మేడ్చల్ ఫ్యాక్టరీలోని క్లాసు గదిలో అతను "గుడ్ మార్నింగ్" అంటూనే ఉన్నాడు.

ఆ గొంతు వినాల్సి వస్తుందని, పని అప్పగించిన రోజు మజీదాకు ఎవరూ చెప్పలేదు. అది 2012 వానాకాలం. యాప్రాల్‌లోని తన ఇంటి ముందుగదిలో రాజారావు టీపాయ్ మీద ఫోటోలు పేర్చాడు. చూడటానికి రిటైరైన గుమాస్తాలా ఉండే ఆయన, కొద్దిమందికే తెలిసిన ఒక గూఢచార విభాగానికి అధికారి.

"వెల్డింగ్ రోబోలున్న ఫ్యాక్టరీ ఇది. సైన్యం వాడే శాటిలైట్ డిష్‌లకు ఫ్రేములు చేస్తారు. ఆ డ్రాయింగులు దేశం దాటిపోతున్నాయి."

"ఎట్ల సార్? లోపల ఇంటర్నెట్ లేదంటిరి."

"లేదు. కప్పు మీద ఒక డిష్ మాత్రం ఉంది. వర్కర్లకు ఇంగ్లీషు పాఠాలు శాటిలైట్‌లో వస్తాయి. వాళ్ల జవాబులు రికార్డయి పైకి పోతాయి. పాఠంతో పాటు ఇంకేదో దిగుతోంది, జవాబులతో పాటు ఇంకేదో ఎక్కుతోంది. అది కనుక్కోవడానికే ఇస్హాక్ వెళ్లాడు. నాలుగో నంబర్ రోబో చెయ్యి తగిలి పోయాడు. మెయిన్ స్విచ్ ఆపి తాళం వెయ్యకుండా రోబో చుట్టూ ఉండే కంచెలోకి దూరాడని కంపెనీ రిపోర్టు."

మజీదా ఇస్హాక్ ఫోటో చేతిలోకి తీసుకుంది. శామీర్‌పేటలో కూరగాయలు పండించే ఇంటి నుంచి ఇస్హాక్‌ని ఏరి, పని నేర్పింది తనే. "చిన్న పనే బేటా, పోయి రా" అని పంపిందీ తనే. వాడు తాళం మరిచిపోయే మనిషి కాదు.

"అక్కడ మనకొక డబుల్ ఏజెంట్ ఉంది. మరియా. ఇంగ్లీషు క్లాసుల కోఆర్డినేటర్" అన్నాడు రాజారావు. "వాళ్ల మనిషినని వాళ్లను నమ్మించి, కబుర్లు మనకు చేరవేస్తుంది. క్యాంటీన్‌లో మిమ్మల్ని గుర్తుపట్టడానికి, కూర సంగతి అడిగినట్టు 'దాల్చా ఈరోజేనా?' అంటుంది. 'శుక్రవారమే' అనండి."

అలా మజీదా క్యాంటీన్ వంటమనిషి అయింది. రాజారావు విభాగం ఇచ్చిన పెన్ కెమెరా మొదటి వారంలోనే అన్నం ఆవిరికి పాడైపోయింది. మరియా మాత్రం ఫోటోలో కన్నా అందంగా ఉంది. అల్వాల్ నుంచి స్కూటీ మీద వచ్చేది. నల్ల కళ్లద్దాలు, నలగని షిఫాన్ చీర. ఆమె వెళ్లిపోయాక కూడా సెంటు వాసన కాసేపు వరండాలోనే ఉండేది.

"దాల్చా ఈరోజేనా, ఆపా?"

"శుక్రవారమే మేడమ్."

మరియా నవ్వి, మజీదా పేరు కూడా క్లాసు రిజిస్టర్‌లో రాసుకుంది.

క్లాసు గదికి ఒక పద్ధతుండేది. మైకులో గలగలలు పడకూడదని గాజులు, ఫోన్లు, తాళంచెవులు అన్నీ గుమ్మం దగ్గర మరియా మేడమ్ బుట్టలో వేసి లోపలికి పోవాలి. మజీదా తన గాజులతో పాటు బియ్యం కొట్టు తాళాన్ని, దాని చెవిని కూడా అందులో వేసేది. కొట్టు తలుపు తెరిచి ఉన్నంతసేపూ తాళాన్ని నడుమున దోపుకుని తిరగడం ఆమెకు అలవాటు.

తెర మీద టీచర్ ప్రశ్న అడుగుతుంది. ముందు బ్యాచ్‌లో ఎవరో చెప్పిన జవాబు వినిపిస్తుంది. తర్వాత వీళ్లు చెప్పాలి. ఎవరి గొంతు వెయ్యాలో ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటర్ నిర్ణయిస్తుంది. ఇస్హాక్ చనిపోయాడని దానికి ఎవరూ చెప్పలేదు.

మొదటి రోజు ఆ గొంతు విన్నప్పుడు మజీదా బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. "ఐ లివ్ ఇన్ శామీర్‌పేట్" అన్నాడు ఇస్హాక్. పుస్తకంలో హైదరాబాద్ అని ఉంది. వాడెప్పుడూ అంతే. పుస్తకం జవాబు చెప్పడు, తన నిజం తను చెబుతాడు. ఐదో పాఠంలో టిఫినేమిటంటే సద్ది జొన్నరొట్టె అన్నాడు. తొమ్మిదో పాఠంలో నీకెవరంటే భయమని అడిగితే, "మజీదా ఆపా" అన్నాడు. క్లాసంతా వంటమనిషి వైపు తిరిగి నవ్వింది. నాలుగు భాషలు తెలిసిన మజీదా ఏమీ అర్థం కానట్టు తనూ నవ్వింది. ఆ రోజు కూరలో ఉప్పు వెయ్యడం మరిచిపోయింది.

ఊడ్చే బాలమణికి మాత్రం ఈ సంగతి నవ్వులాట కాదు.

"ఆపా, గా నాలుగో మిషిన్ కాడ ఒక్కదాన్ని ఊడ్వ. ఇస్హాక్ భయ్యా ఈడ్నే తిరుగుతాండు. నిమ్మకాయ గట్టిన, బొట్టు వెట్టిన, ఇగ ఏం జెయ్యాలె?"

"నీకేమన్న అగుపడ్డడా?"

"లేదు. గని వస్తే ఇంగ్లీషుల అడుగుతడు గదా! నేనేం జవాబు జెప్పాలె?"

తొమ్మిది వారాలు గడిచాయి. పద్దెనిమిదో పాఠం శుక్రవారం వచ్చింది. ఆపరేటర్లందరూ క్లాసులో ఉండటంతో రోబోల హాలు ఖాళీగా ఉంది. ఒక్క అశ్రిత మాత్రం క్లాసుకు రాలేదు. పాలిటెక్నిక్ చదివి ఆ ఏడాదే చేరిన ఇంజనీర్ ఆమె. పొద్దున టీ తాగుతూ మజీదాతో అంది: "ఆంటీ, నాలుగో రోబో కింద మా డ్రాయింగ్‌లో లేని డబ్బా ఒకటి కనబడ్తాంది. హాలు ఖాళీ ఉన్నప్పుడు ఇప్పి చూస్త."

"తాళం మరువకు బిడ్డా."

"మరువ. చెవి నా జేబులనే ఉంటది."

కంచెలోకి పోయే మనిషి స్విచ్ ఆపి, తన తాళం తనే వేసి, చెవి తన దగ్గరే ఉంచుకోవాలి. వాళ్ల పని నియమం అది.

"డిష్ సిగ్నల్ చూసొస్తాను" అని మరియా బయటికి వెళ్లి, రెండు నిమిషాల్లో తిరిగొచ్చి కూర్చుంది. గడియారంలో పదకొండూ పన్నెండు. తెర మీద టీచర్ అడిగింది.

"వేర్ ఈజ్ యువర్ కీ?"

మై కీ ఈజ్ ఇన్ మై పాకెట్. పుస్తకంలో ఉన్నది అది. కానీ ఇస్హాక్ గొంతు, కాస్త జలుబు చేసినట్టుగా, నింపాదిగా చెప్పింది.

"మై కీ ఈజ్ ఇన్ మేడమ్స్ బాస్కెట్."

మజీదా గుమ్మం వైపు చూసింది. పక్కన కూర్చుని వాడే చెప్పినట్టు అనిపించింది. బుట్ట! వారానికి రెండుసార్లు, గంటసేపు, అందరి తాళంచెవులూ మరియా దగ్గరే. సబ్బుబిళ్ల మీద అచ్చు తీసుకోవడానికి అర నిమిషం చాలు. ఇస్హాక్ తాళం వేశాడు. వేసిన తాళాన్ని దొంగ చెవితో ఎవరో తీశారు. అశ్రిత తాళంచెవి కూడా మంగళవారం ఆ బుట్టలోనే ఉంది. ఇప్పుడు మరియా చూసొచ్చింది డిష్‌ని కాదు.

మజీదా లేచింది. "మేడమ్, అన్నం అడుగంటుతాంది!"

బుట్టలోంచి బియ్యం కొట్టు తాళం తీసుకుని పరిగెత్తింది. హాల్లో నాలుగో రోబో స్విచ్ పైకి, ఆన్‌లో ఉంది. అశ్రిత తాళం పక్కన మేకుకు బుద్ధిగా వేలాడుతోంది. కంచెలో అశ్రిత, చెవుల్లో ప్లగ్గులతో, రోబో కాళ్ల దగ్గర తల దూర్చి ఉంది. నుదుట కుంకుమబొట్టున్న ఆ ఇనుప చెయ్యి, ఆకాశంలోంచి ఎవరో పిలిచినట్టు, నెమ్మదిగా పైకి లేచింది. ఒక్క క్షణం ఆగి, వేగంగా కిందికి తిరిగింది.

మజీదా స్విచ్ కిందికి లాగింది.

అశ్రిత మెడకు జానెడు దూరంలో చెయ్యి ఆగిపోయింది. మజీదా తన తాళాన్ని స్విచ్ రంధ్రంలో దూర్చి నొక్కింది. టక్. వెనక సెంటు వాసన. మరియా చేతిలో చిన్న తాళంచెవుల గుత్తి. ఆ తాళంలో ఒకటి తిప్పి చూసింది. రెండోది. మూడోది.

"ఏం తాళమిది?"

"బియ్యం కొట్టుది. దీని అచ్చు నువ్వు తియ్యలే. వంటామెది ఎందుకనుకున్నవ్."

"నేను మీ మనిషినే ఆపా. రాజారావు గారిని అడుగు."

"అడిగేదేంది. ఇస్హాక్ చెప్పిండు."

మరియా గుత్తిని దించేసింది. "వాడు చచ్చిపోయాడు!"

"మంగళవారం, శుక్రవారం బతికే ఉంటడు."

మరియా తలుపు వైపు అడుగు వేసింది. అక్కడ బాలమణి చీపురు అడ్డంగా పట్టుకుని, ఆ రోజుకు దయ్యం భయం పక్కనపెట్టి నిలబడి ఉంది.

రాజారావు మనుషులు జీడిమెట్ల వైపు నుంచి పాల వ్యానులో వచ్చి మరియాను, పాఠాలతో దిగే ఆదేశాలు అందుకుని జవాబులతో డ్రాయింగులు పైకి పంపే రోబో కింది డబ్బాను తీసుకుపోయారు. మరియాను నమ్మిన తప్పు తనదేనని రాజారావు మూడుసార్లు అన్నాడు. మజీదా కాదనలేదు.

"మీకు రెండు నెలలు సెలవు. తర్వాత కొత్త పని" అన్నాడాయన. "అన్నట్టు, ఆ కంప్యూటర్‌లోంచి ఇస్హాక్ గొంతు తీసెయ్యమని చెప్పనా?"

"వద్దు సార్. సెలవులో నేను క్యాంటీన్‌లనే ఉంట. సోమవారం కొత్త బ్యాచ్ పేర్లు రాసుకుంటరు. మంగళవారం ఒకటో పాఠం."

"మీకెందుకండీ ఆ క్లాసు?"

తన ఇంగ్లీషు ఇంకా సరిగా కుదరలేదని మజీదా ఆయనకు జవాబిచ్చింది. ఆ మాట ఇంగ్లీషులోనే, ఒక్క తప్పు లేకుండా చెప్పింది.