రాహుకాలంలో హీట్ పంప్

తల తిరగడం కూడా ఒక రకంగా ఆలోచనేనేమో, మెదడు ఒకే చోట నిలబడలేక చుట్టూ చూసి రావడం... అయినా ఇరవై తొమ్మిదేళ్లు నిండినా ఒక్క నిర్ణయం సొంతంగా తీసుకోని మనిషికి తల తిరగకపోతేనే వింత. షాంపూ కూడా అమ్మ ఎంచినదే. కణతల దగ్గర ఈ పోటు ఉందే, ఇది లోపల అణిచిపెట్టుకున్న కోపమే అయ్యుంటుంది. ఎవరి మీద? ప్రిన్సిపాల్ మీదా, లేక ఆరో తరగతిలో కంపాస్ బాక్స్ తీసుకుని తిరిగివ్వని సురేంద్ర మీదా?

భానుప్రకాశ్ ఈ ప్రశ్న దగ్గర ఉండగా వెనక గోడ మీద గ్యాస్ గీజరు బుస్సుమని మండుతోంది. మదనపల్లె డిసెంబరు చలి కొడుకును తాకకూడదని అన్నపూర్ణమ్మ బాత్రూం కిటికీ బిగించి, పైనున్న వెంటిలేటర్ కంతలో తన పాత చీర కుక్కి పెట్టింది. లోపల ఆవిరి ఉంది, సబ్బు వాసన ఉంది, ఆత్మపరిశీలన ఉంది. గాలి మాత్రం లేదు.

తలుపు దబదబా మోగింది.

“లోపలుండేది ఎవరప్పా? కిటికీ తెరవండి.”

ఆడగొంతు. అమ్మది కాదు.

“మీరెవరు?”

“కిటికీ తెరిచినాక చెప్తా.”

“నేను స్నానం చేస్తాండాను.”

“అది తెలుస్తాండాది. గీజరు ఆపండి, కిటికీ తెరవండి. తల తిరగతాండాదా?”

“కొంచెం. కానీ దానికి కారణం వేరే...”

“కారణం గ్యాసే. బయటికి రండి. ముందు టవలు కట్టుకోండి.”

ఇంత స్పష్టంగా అతనికి ఎవరూ సలహా ఇవ్వలేదు. కిటికీ తెరిచాడు, గీజరు ఆపాడు, టవలు కట్టుకున్నాడు, బయటికి వచ్చి నెత్తిన నురగతో హాల్లో నేల మీద కూలబడ్డాడు. ఎదురుగా చంకలో హెల్మెట్, చేతిలో కొలతల టేపు, మెడలో ఐడీ కార్డుతో ఒక అమ్మాయి నిలబడి ఉంది. మాధవీలత. పుంగనూరులో ఉన్న హీట్ పంపుల కంపెనీ బ్రాంచి నుంచి సర్వేకు వచ్చింది.

“మూసిన రూములో గ్యాస్ గీజరు వెలిగిస్తే విషగాలి చేరతాది సార్. వాసన రాదు, రంగుండదు. మెల్లగా నిద్రపుచ్చతాది,” అంది, వెంటిలేటర్లోంచి చీర బయటికి లాగుతూ.

“అయ్యో, నాకూ పోయిన నెల ఈ బాత్రూములోనే కండ్లు తిరిగినాయి గదా,” అంది అన్నపూర్ణమ్మ. “ఎదురింటి వాళ్ల దిష్టి అనుకుని మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసినా.”

తల్లి దిష్టి అనుకుంది. కొడుకు అస్తిత్వ వేదన అనుకున్నాడు. వాళ్లిద్దరి చదువుల మధ్య తేడా అంతే.

“గుండె కూడా దడదడమంటాండాది,” అన్నాడు భాను. మాధవీలత వంగి అతని కళ్లలోకి చూస్తోంది.

“అది కూడా గ్యాసే. గాలి తగిలితే తగ్గతాది. తగ్గకపోతే డాక్టరుకు చూపించుకోండి.”

తగ్గలేదు. డాక్టరుకూ చూపించుకోలేదు.

అంగళ్లులోని ఇంజినీరింగ్ కాలేజీలో భాను కౌన్సెలర్. భయపడే పిల్లలకు ధైర్యం చెప్పడం అతని ఉద్యోగం. ఊగే వంతెన మీద నిలబడ్డవాడు, భయంతో కొట్టుకునే గుండెను ఎదురొచ్చే అమ్మాయి ఖాతాలో వేస్తాడని ఏటా ఒక క్లాసు చెబుతాడు. ఇప్పుడు తన కేసు తనే చూసుకున్నాడు. ఆమెను మొదట చూసినప్పుడు రక్తంలో విషవాయువు ఉంది. కనుక ఇది ప్రేమ కావడానికి ఆధారం చాలదు. శరీరం శుభ్రపడేదాకా ఆగాలి.

శరీరం ఆ సాయంత్రానికే శుభ్రపడింది. అతను ఆగుతూనే ఉన్నాడు.

గీజరును మాధవీలత ఆ రోజే విప్పించింది. హీట్ పంప్ వచ్చేదాకా ఇంట్లో స్నానాలకు పొయ్యి మీద కాగిన నీళ్లే గతి. అన్నపూర్ణమ్మకు ఒక బిందె. భానుకు చన్నీళ్లు. అతనే కావాలని ఎంచుకున్నాడు. ప్రయోగంలో వేడి అనే అంశాన్ని తీసేయాలని. చన్నీళ్లలోనూ తల తిరిగింది. అతను నమూనా చిన్నదనుకున్నాడు.

రెండోసారి ఆమె ప్లంబర్ రెడ్డెప్పను వెంటబెట్టుకుని వచ్చింది. చౌడేపల్లె మనిషి, మాట తక్కువ, ఆకలి ఎక్కువ. అతను మిద్దె మీద పైపు పానా చేతికి తీసుకోగానే అన్నపూర్ణమ్మ మెట్లెక్కి వచ్చేసింది.

“ఆగప్పా. రాహుకాలం. ఇనుము ముట్టుకోవద్దు.”

మాధవీలత వాచీ చూసుకుంది. అన్నపూర్ణమ్మ ముఖం చూసింది. తర్వాత రెడ్డెప్ప చేతిలోని పానా తీసి బుద్ధిగా కింద పెట్టింది.

“ఎంతసేపమ్మా?”

“గంటన్నర. కూసో అమ్మణ్ణీ, సంగటి తిందువు. ఒరే భానూ, పాపకు మాటతోడు ఉండు. నాకు పొయ్యి కాడ పనుండాది.”

రెడ్డెప్ప సంగటి మాట వినగానే అన్నపూర్ణమ్మ వెనకే దిగిపోయాడు. మిద్దె మీద వీళ్లిద్దరూ మిగిలారు.

“మీరేం చేస్తారు సార్?”

“కాలేజీలో కౌన్సెలర్. పిల్లలు వాళ్ల భయాలు చెప్తారు. నేను వింటాను.”

“విని?”

“ఇంకోసారి రమ్మంటాను.”

“మేమట్ల చేస్తే కస్టమర్లు ఒక్క స్టార్ ఇస్తారు.”

భాను నవ్వాడు. ఆ నవ్వు ఎంతసేపు ఉంచాలో తెలియక కాస్త ఎక్కువసేపే ఉంచాడు. ఆ తర్వాత తన దగ్గర ఉన్నవాటిలో అన్నిటికన్నా మధురమైన వాక్యం బయటికి తీశాడు.

“మీ మిషను ఎట్ల పని చేస్తాది?”

ఆమె అతన్ని ఒక క్షణం చూసి, జాలిపడి, చెప్పింది. “ఫ్రిజ్జు లోపలి వేడి లాగి వెనకాల పారేస్తాది గదా. ఇది బయటి గాలిలో వేడి లాగి నీళ్లకిస్తాది. మంట లేదు, పొగ లేదు. కరెంటు కూడా తక్కువే.”

“మదనపల్లె చలికాలంలో బయట వేడి యాడుండాది?”

“ఉండాది సార్. మనకు చలి అనిపిస్తాది గానీ గాలిలో ఎంతో కొంత వేడి ఎప్పుడూ ఉంటాది. లాగల్ల, అంతే. కాకపోతే తిప్పగానే రాదు. రెండు మూడు గంటలు పడతాది. ఓపికుండాదా మీకు?”

“అదొక్కటే ఉండాది.”

“తెలుస్తాండాది,” అంది.

ఆ జవాబులో ఉన్నది మెచ్చుకోలా, ఎత్తిపొడుపా అన్నది భాను నాలుగు రోజులు విశ్లేషించాడు. రెండింటికీ సమానంగా ఆధారాలు దొరికాయి.

మూడోసారి వాన. పుంగనూరు నుంచి స్కూటీ మీద తడుస్తూ వచ్చింది. ట్యాంకు పైకెక్కించి, మిషను స్టాండు మీద నిలబెట్టేసరికి అన్నపూర్ణమ్మ కింది నుంచే కేకేసింది. రాహుకాలం. ఈ ఇంటిమీద రాహువుకు ఇంత ప్రేమ ఎందుకో భానుకు అర్థం కాలేదు. మూఢనమ్మకాలకు తను అతీతుడు కనుక ఆ వేళల సంగతి ఏనాడూ పట్టించుకోలేదు.

మెట్ల గది రేకు కింద ఇద్దరూ నిలబడ్డారు. రెడ్డెప్ప ఈసారి కిందికి పోలేదు. నిచ్చెన మీద కూర్చుని చెనక్కాయలు వలుచుకుంటున్నాడు. వాన రేకు మీద పడి, అంచు వెంట జారి, ఆమె జడ కొసను తడుపుతోంది. భాను ఆ జడనే చూస్తూ, తను చూస్తున్నది వాననని నమ్మించడానికి ప్రయత్నిస్తున్నాడు.

“వాన బాగుండాది,” అన్నాడు.

“వాన అటుపక్క పడతాండాది సార్.”

ఆమె స్పానరు తుడుచుకుంటూ, ఏదో బస్సు టైము చెప్పినట్టు చెప్పింది. “వచ్చే ఆదివారం కుప్పంలో మా ఇంటికి నన్ను చూసేదానికి వస్తాండారు. వి.కోట వాళ్లు. అబ్బాయికి మండీ వ్యాపారం.”

“కంగ్రాట్స్,” అన్నాడు భాను.

మనసులో ఉన్నదానికి సరిగ్గా తలకిందులుగా ప్రవర్తించడానికి మనస్తత్వశాస్త్రంలో ఒక పేరుంది. ఆ పేరు అతనికి తెలుసు. ఎవరు కనిపెట్టారో, ఏ చాప్టర్లో ఉందో కూడా తెలుసు. జబ్బు పేరు తెలిస్తే చాలు, మందు వేసుకున్నట్టే అనుకునే మనిషి.

“నాన్నకు ఇంకా ఏమీ చెప్పలా. ఈ ఇంటి పని అయినాక చెప్తానని ఉండాను.”

“ఈ ఇంటి పనికీ దానికీ ఏం సంబంధం?” అతను నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

నిచ్చెన మీద రెడ్డెప్పకు చెనక్కాయ గొంతుకడ్డం పడింది. మాధవీలత వానలోకి నడిచి, స్టాండు బోల్టులు నాలుగూ ఒకదాని తర్వాత ఒకటి బిగించింది. ఇనుము ముట్టుకోవద్దన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. మెట్ల మీద నిలబడి చూస్తున్న అన్నపూర్ణమ్మకు కూడా.

ఆ రాత్రి అతను ఒప్పుకున్నాడు. గ్యాసు పోయి వారాలైంది. ఇంటి కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. ఇక ఆ వాయువు మీద నెపం వేయడం దానికే అన్యాయం. ఇది ప్రేమే. పేరు పెట్టాడు గనుక పని అయిపోయిందనుకుని నిద్రపోయాడు.

శుక్రవారం చివరి రోజు. ఆ రోజుతో పని పూర్తవుతుంది, సోమవారం నుంచి మాధవీలతను కుప్పం బ్రాంచికి మారుస్తున్నారు. మదనపల్లెకు రావాల్సిన పని ఇక ఉండదు. ఎల్లుండే ఆదివారం. భాను మధ్యాహ్నం మూడింటికే కాలేజీ నుంచి వచ్చేశాడు. అమ్మ గుమ్మంలోనే ఎదురైంది.

“పాప మిద్దె మీద ఉండాది. స్విచ్చి వేసేదానికి లేదు, రాహుకాలం ఇంకా పోలా. పోయి మాట్లాడుకోపో.”

పైకి వెళ్లాడు. మిషనుకు పసుపు, కుంకుమ, నిమ్మకాయ, మల్లెపూల మూర. దాని ముందున్న మెట్టు మీద కూర్చున్నాడు. వీపున చలిగాలి తగిలి ఒళ్లు జలదరించింది. ఆందోళన, అనుకున్నాడు. కీలకమైన ఘట్టాల్లో ఒంట్లో రక్తం ఇలాగే ప్రవర్తిస్తుంది.

“అమ్మ అంతే,” అన్నాడు ఎదురుగా నిలబడ్డ మాధవీలతతో. “ఈ రాహుకాలం అనేది నిజానికి నిర్ణయాలకు భయపడే సమాజం తయారుచేసుకున్న ఒక సాకు. బాధ్యతను గడియారం మీదికి నెట్టేస్తాం. అదే...”

“సార్, చలేస్తాండాదా?”

“కొంచెం. అది లోపలి ఒత్తిడి.”

“అది మిషను. వేడి లాగేసుకుని చల్లగాలి బయటికి ఊదుతాండాది. మీరు దాని మూతి కాడ కూర్చోనుండారు.”

భాను వెనక్కి తిరిగాడు. ఫ్యాన్ తిరుగుతోంది. చిన్నగా, ఇంట్లో ఫ్రిజ్జులాగా గురగురమంటోంది.

“స్విచ్చి వెయ్యలేదని అమ్మ...”

“ఒంటిగంటకే వేసినాం. మీ అమ్మే కర్పూరం వెలిగించి వేయించింది. ఈ పాటికి ట్యాంకు నిండా వేడి నీళ్లు.” ఆమె గోడకానుకుని చేతులు కట్టుకుంది. “ఇయ్యాల శుక్రవారం. రాహుకాలం మధ్యాహ్నానికి ముందే పోయింది. మొదట పానా కింద పెట్టించిందీ తప్పుడు రాహుకాలమే, వాన రోజూ తప్పుడుదే. కుప్పంలో మా నాన్న రాహుకాలంలో ఒక్కనాడూ షాపు షట్టరు ఎత్తలేదు. నేను ఎక్కాల కంటే ముందు రాహుకాలాలు నేర్చుకున్నా సార్. అయినా అవి మీ హాల్లో క్యాలెండరు మీదే అచ్చేసి ఉండాయి.”

పైపుకు తొడుగు చుడుతున్న రెడ్డెప్ప తల ఎత్తకుండానే అన్నాడు. “నాకూ తెలుసు సార్. పని సాగితే రెండు పూటలా అమ్మ సంగటి పెడతాది. నేనేల చెప్తా?”

“మరి... తెలిసీ మీరెందుకు కూర్చున్నారు?”

“సైకాలజీ చదివింది మీరే గదా,” అంది మాధవీలత.

రెడ్డెప్ప పనిముట్ల సంచి భుజాన వేసుకుని, ఇంత చదువుకున్న మనిషిని చూసి దిగులుపడుతున్నవాడిలా మెట్లు దిగిపోయాడు.

మాధవీలత ఫోను మోగింది. తెర మీద ‘నాన్న’ అని వెలిగింది. ఆమె ఎత్తలేదు. అరచేతిలో పెట్టుకుని నిలబడింది. గొంతులో ఇప్పుడు వెటకారం లేదు.

“ఆదివారం వాళ్లను రమ్మనల్లా వద్దా అని అడిగేదానికే. ఈడ పని అయిపోయిందని ఆయనకు తెలుసు. నేనేం చెప్పల్ల?”

“అది పూర్తిగా మీ నిర్ణయం. మీ స్వేచ్ఛను నేను ప్రభావితం చెయ్యడం...”

“నేను మీ స్టూడెంటును కాను సార్.”

ఫోను ఆగిపోయింది. మళ్లీ మోగింది.

“సరే,” అంది. “నేనే ఏదో ఒకటి చెప్పుకుంటాలే.” మెట్ల వైపు తిరిగి, బొటనవేలు తెర మీద పెట్టింది. “ఆఁ నాన్నా... ఉండాను... చెప్తా...”

అవతల ఆమె నాన్న, కుప్పంలో హార్డ్‌వేర్ షాపు గంగులప్ప. పెద్దమనిషి. ఆయన్ను ఏమని పిలవాలి? ‘సార్’ అంటే మిషను మీద ఫిర్యాదు అనుకుంటాడు. ‘అంకుల్’ అంటే కాలేజీ పిల్లోడనుకుంటాడు. ‘అప్పా’ అనడం మర్యాదే, కానీ ఆ మర్యాద చాటున దాక్కోవచ్చు. తనేమీ అనలేదని రేపు తప్పించుకోవచ్చు. ఇంకొక్క పిలుపు మిగిలి ఉంది. అది నోటి నుంచి వచ్చిందంటే వెనక్కి తీసుకోవడానికి ఏ శాస్త్రంలోనూ దారి లేదు.

భాను లేచి వెళ్లి ఆమె చెవి దగ్గరి నుంచి ఫోను తీసుకున్నాడు.

“మామా, బాగుండారా?” అన్నాడు.