మాత్రకు చూపు నేర్పినవాడు

జోగినాయుడు అరవయ్యో మాత్ర మింగి తెర ముందు కూర్చున్నాడు. చింతగింజంత ఆ మాత్రలో కెమెరా, లేజర్, చిన్న కంప్యూటర్ ఉన్నాయి. అది పెద్దపేగు పొడవునా నడుస్తూ గోడల్లోని కణాలను పరీక్షించి, తేడా కనిపిస్తే తెరమీద చూపిస్తుంది.

అతను విశాఖలో సిటీ బస్సు డ్రైవరు. పెద్దపేగు వాచి పుండ్లు పడే అల్సరేటివ్ కొలైటిస్ వచ్చి ఇరవై ఏళ్ళయింది. రోజుకు పదిసార్లు నెత్తురు విరేచనాలు కావడంతో స్టీరింగు వదిలి డిపోలో కూర్చోవలసి వచ్చింది. ఏళ్ళ తరబడి వాచి, మాని, మళ్ళీ వాచే పేగులో కొన్ని కణాలు దారి తప్పుతాయి. అవి ఇంకా క్యాన్సర్ కావు, కాబోయే క్యాన్సర్. బల్లపరుపుగా పుండ్ల మధ్య కలిసిపోయి, డాక్టరు కంటికి ఆనవు.

వాచిన పేగు ఎలా ఉంటుందో మాత్రలోని యంత్రానికి నేర్పడానికి ఒక మనిషి కావాలంటే, మొదట ముందుకొచ్చింది నాయుడే. ఐదేళ్ళలో ఆ మాత్ర రెండొందల మందిని కాపాడింది.

అరవయ్యో మాత్ర మింగిన ఆ రోజూ అతని తెర శుభ్రంగానే ఉంది. నెల తిరక్కుండా పేగు మూసుకుపోయి ఆపరేషన్ చేశారు. క్యాన్సర్ అప్పటికే కాలేయానికి పాకింది.

యంత్రాన్ని తయారుచేసిన డాక్టర్ హైమవతి అతని మంచం పక్కకు వచ్చి కూర్చుంది.

"చెప్పండి డాక్టరమ్మా. అందరికీ దొరికింది నాకెందుకు దొరకలేదు?"

"మొదటిరోజే మీ పేగులో ఓ మచ్చ ఉంది నాయుడుగారూ. మేం గమనించలేదు. మామూలు వాపంటే ఇదేనని యంత్రానికి మీ పేగే చూపించాం. ఆ మచ్చ కూడా మామూలేనని అది నమ్మింది. మాత్ర ఉంది కదా అని, ఏటా గొట్టం వేసి చూసే కొలనోస్కోపీ కూడా నేనే మాన్పించాను."

నాయుడి భార్య సన్యాసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతను కిటికీవైపు తిరిగాడు.

"అయితే అలాంటి మచ్చ ఇంకెవరికున్నా వదిలేస్తుందా?"

"వదిలేస్తుంది. దిద్దాలంటే మీకు తీసిన పేగు ముక్క చూపించి మళ్ళీ నేర్పాలి. అడగడానికి నాకు నోరు రావడం లేదు."

"కోసి తీసిందేగా. చూపించండి."

రెండు నెలల తర్వాత హైమవతి అతని ఇంటికి వచ్చింది. దిద్దిన యంత్రం పదకొండు మందిలో అదే మచ్చను పట్టిందనీ, అందరికీ సమయానికి తీసేశారనీ చెప్పింది. వాళ్ళలో ఒకామె అతణ్ణి చూసి దణ్ణం పెట్టుకోవాలని అడుగుతోందట.

నాయుడు అప్పటికి నీళ్ళు కూడా చెంచాతోనే తాగుతున్నాడు.

"వద్దమ్మా," అన్నాడు. "నన్నిలా చూస్తే, తను బతికినందుకు ఆవిడ బాధపడుతుంది."