రెండో పరీక్షకు అరగంట

“పోయింది!” అంది డాక్టరమ్మ.

తెరమీద నిమిషానికి రెండువందల పది చొప్పున పరుగెడుతున్న గీత ఒక్కసారి తడబడింది. ఆగింది. తర్వాత బడికి వెళ్ళే బుద్ధిమంతుడిలా నిదానంగా నడక మొదలుపెట్టింది. క్యాథ్‌ల్యాబ్‌లో, అంటే ఆ గుండె ఆపరేషన్ల గదిలో, అందరూ చప్పట్లు కొట్టారు.

“శుభవార్తేనా?” టెక్నీషియన్ చెవిలో ఒక గొంతు గుసగుసలాడింది. “చప్పట్లు వినిపించాయి.”

నిజానికి అతను టెక్నీషియన్ కాదు. గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో అతన్ని పావురం అంటారు. ఆ వేషానికి నాలుగు రోజుల వయసు. చెవిలోని గొంతు, కింద పార్కింగ్‌లో ఆగిన వ్యాన్‌లోది. పేరు కంట్రోల్. పదకొండు రోజులుగా అతని భార్య.

“శుభవార్తే. నువ్వేదో నములుతున్నావ్.”

“బిస్కెట్. మాట మార్చకండి. మీ నాడి నూట ఇరవై నాలుగు. భయమా?”

“లేదు.”

“గడియారం అబద్ధం చెప్పదండీ.”

అతని చేతి గడియారం నాడిని లెక్కపెట్టి వ్యాన్‌కి పంపుతుంది. భర్త గుండె చప్పుడును ఉద్యోగరీత్యా వినే భార్య లోకంలో ఆమె ఒక్కతే కావచ్చు. ఆ మాట తలచుకుంటే మామూలుగా అతనికి నవ్వొస్తుంది. ఇప్పుడు రాలేదు. అసలు భయం రాబోయే అరగంట గురించే.

బ్రీఫింగ్‌లో చీఫ్ చెప్పింది నాలుగే ముక్కలు. “పేషెంట్ లెక్కల మాస్టారు. విదేశీ ముఠా కోడ్ విప్పింది ఆయనొక్కడే. ఆ తాళంచెవి మనకి చెప్పబోయే రోజే గుండె గతి తప్పి పడిపోయాడు. ముఠా పంపిన ఆర్డర్ మనకి దొరికింది: ఆపరేషన్ బల్ల మీదే, సహజంగా.”

సహజంగా చంపడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి తీగను గుండెదాకా పంపి, తప్పుడు సంకేతాలు పుట్టే చోటును వేడితో కాల్చేస్తారు. డాక్టరమ్మ ఇరవై ఆరు చోట్ల కాల్చింది. కానీ పని అయిపోలేదు. అరగంట ఆగి, గుండెను కావాలనే మళ్ళీ రెచ్చగొట్టి చూడాలి. దొంగ పారిపోయాడో, అటకెక్కి కూర్చున్నాడో తేలాలిగా! అప్పుడు గుండె పూర్తిగా అదుపు తప్పితే కాపాడేది షాక్ మెషిన్ ఒక్కటే.

పావురం మెషిన్ వైపు చూశాడు. పచ్చదీపం వెలుగుతోంది. పొద్దున్నే సిస్టర్ దాని కేబుల్‌ని టెస్ట్ ప్లగ్ అనే చిన్న డబ్బాకి తగిలించి, ఉత్తుత్తి షాకిచ్చి, పనిచేస్తోందని సంతకం పెట్టింది. తర్వాత కేబుల్ మాస్టారి ఛాతీకి అంటించిన ప్యాడ్స్‌కి కలిపింది. అంతా సవ్యంగానే ఉంది.

మరి నాడి దిగదేం?

“మేడమ్ మీద కన్నేశారా?” అడిగింది కంట్రోల్.

“వేరే పనేముంది?”

“ఒక్క కన్ను చాలు. రెండోది కూడా వేయకండి.”

మ్యాపింగ్ మేడమ్ తెర ముందు కూర్చుని రంగురంగుల గుండె బొమ్మను తిప్పుతోంది. మాస్క్ కింద లిప్‌స్టిక్ వేసుకునే మనిషి. ఎవరికి కనిపించాలనో! ఆరేళ్లు ముఠాకి పనిచేసింది. రెండు నెలలుగా మన మనిషినంటోంది. అంటోంది, అంతే. అరగంటా పావురం ఆమె వేళ్లనే చూశాడు. ఆ మధ్యలో మత్తు డాక్టర్ టీకి వెళ్ళాడు. బదులుగా ఇంకొకాయన వచ్చి, మాస్టారి దుప్పటి సర్ది, సెలైన్‌లో ఏదో మందు ఎక్కించి తలవైపు నిలబడ్డాడు. మత్తు డాక్టర్లు చేసేది అదే కాబట్టి పావురం పట్టించుకోలేదు.

“టైమైంది. మొదలుపెడదాం,” అంది డాక్టరమ్మ.

అప్పుడు పావురం కళ్ళు స్టూల్ మీద పడ్డాయి. అక్కడ ఎక్స్‌రేలు తగలకుండా వేసుకునే సీసపు ఏప్రాన్ ఒకటి ఉంది. నాలుగు మడతలు పెట్టి, చక్కగా.

మొదటిరోజు తను అలాగే మడతపెడితే సిస్టర్ ల్యాబంతా వినబడేలా తిట్టింది. “ఏం నాయనా, పెళ్ళిచీరనుకున్నావా? మడతపెడితే లోపల సీసం చీలుతుంది. హ్యాంగర్‌కి తగిలించు!” ఇక్కడ వారం పనిచేసినవాడెవడూ దాన్ని మడవడు.

“అది ఎవరి ఏప్రాన్?”

“నాదే,” అన్నాడు కొత్త మత్తు డాక్టర్.

“ఆపండి!” అని పావురం అరిచేసరికే డాక్టరమ్మ గుండెను రెచ్చగొట్టేసింది. తెరమీద గీత పిచ్చిగీతలైపోయింది. అలారం మోగింది.

“షాక్!” అంది డాక్టరమ్మ.

మెషిన్ కూత పెట్టింది. పచ్చదీపం వెలుగుతూనే ఉంది. మాస్టారి ఒళ్ళు కదల్లేదు.

“మళ్ళీ!”

మళ్ళీ కూత. మాస్టారు కదల్లేదు. ముఖం నీలమవుతోంది. డాక్టరమ్మ రెండు చేతులతో ఛాతీ నొక్కడం మొదలుపెట్టింది.

“నూట అరవై ఆరు,” అంది చెవిలో గొంతు. బిస్కెట్ నమలడం ఆగిపోయింది. “ఏమండీ? ఏమైంది?”

షాక్ వెళ్తోంది. మనిషికి అందట్లేదు. మరెక్కడికి? పావురం మెషిన్ దగ్గర కేబుల్ పట్టుకుని, దాని వెంటే చెయ్యి దుప్పటి కిందికి పోనిచ్చాడు. చివర గట్టి డబ్బా ఒకటి తగిలింది. టెస్ట్ ప్లగ్! రెండు షాకులూ దాని కడుపులోకే పోయాయి. ప్యాడ్స్ తీగ ఒంటరిగా వేలాడుతోంది.

అతను ప్లగ్ పీకేలోపు వెనకనుంచి ఒక చెయ్యి మెడకు బిగిసింది. కళ్ళకు చీకట్లు కమ్మాయి. ఇంతలో ఏదో దబ్బుమంది. మెడ మీద పట్టు సడలింది. మ్యాపింగ్ మేడమ్ ఏడు కిలోల సీసపు ఏప్రాన్‌ని కొత్త డాక్టర్ నెత్తిమీద బోర్లించి, పైన కూర్చుంది.

“తీగ కలపవయ్యా మొద్దూ!” అంది. “అరగంట నన్ను చూసింది చాలు!”

పావురం ప్లగ్ పీకి ప్యాడ్స్ తీగ కలపబోయాడు. ఒకసారి తప్పాడు. రెండోసారి టక్కున అతుక్కుంది.

“షాక్!”

మాస్టారి ఒళ్ళు ఎగిరిపడింది. తెరమీద సరళరేఖ. ఒక క్షణం. రెండు. మూడు. అప్పుడొక చిన్న కొండ లేచింది. దాని వెనక ఇంకొకటి.

సెక్యూరిటీవాళ్ళు వచ్చి నకిలీ డాక్టర్‌ని తీసుకెళ్ళారు. సెలైన్ మార్చి, వాడెక్కించిన మందు ప్రభావం గంటకి దిగాక, డాక్టరమ్మ పరీక్ష మళ్ళీ చేసింది. ఎంత రెచ్చగొట్టినా గుండె ఉలకలేదు, పలకలేదు. మాస్టారు కళ్ళు తెరిచి మంచం పక్కన నిలబడ్డ పావురాన్ని పోల్చుకున్నాడు.

“బతికానా బాబూ?”

“బతికారు మాస్టారూ.”

“అయితే రేపు తొమ్మిదింటికి క్లాసు. కోడ్ ఒక్కసారే చెప్తాను. మీ చీఫ్‌ని పెన్సిల్ చెక్కుకుని రమ్మను.”

పావురం కారిడార్‌లోకి వచ్చి గోడకి చేరగిలబడ్డాడు.

“కంట్రోల్, మిషన్ పూర్తయింది.”

“విన్నాను.” తర్వాత బిస్కెట్ ప్యాకెట్ చప్పుడు. “రేపు పదింటికి మీకు ఈసీజీ. అదే డాక్టరమ్మ దగ్గర.”

“నాకా? నా గుండెకేం?”

“ఇప్పుడు కూడా నూట నలభై ఉందండీ. అక్కడ చొక్కా విప్పమంటే మడతపెట్టకండి, హ్యాంగర్ ఎక్కడుందో ముందు చూసుకోండి.”