పల్లపు మడిలో మేడ

కొత్త మేడకు కుళాయిలు బిగిస్తున్న ఆ సాయంత్రం సర్వేయరు మహా హుషారుగా ఉన్నాడు. ఉండడూ మరి! ఏటా రెండు పంటలిచ్చే పల్లపు మడిని బీడని తేల్చి, నగరానికి దారిచ్చిన ఘనుడు తనే. కంచే చేను మేసిందని జనం నవ్వుకున్నారు. ఆ మడి రైతు కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఆఖరికి గట్టు మీదే ప్రాణం విడిచాడు. పాపం అనుకున్నాడు సర్వేయరు. అనుకుని, ఆ మడిలోనే మేడ కట్టుకున్నాడు.

కింది గదిలో కూతురు నిద్రపోతోంది. తల్లి లేని పిల్ల. అతని పంచప్రాణాలూ ఆ పిల్లే.

ప్లంబరు కిందనుంచి కేకేస్తే, పైనుంచి సర్వేయరు సరేననాలి. అప్పుడే నీళ్ళు వదలాలి. పొలాల్లోనూ అదే పద్ధతి. పక్క మడివాడు సరేనని పలకందే ఎవరూ గట్టుకు గండి కొట్టరు.

చీకటి పడుతోంది. ఇంటికింకా కరెంటు రాలేదు. పచ్చి సున్నం వాసనలో బురద వాసన కలిసింది. ఎక్కడో కప్పలు బెకబెకమంటున్నాయి. చుట్టూ అంతా సిమెంటే...

"నీళ్ళు వదలనా?" కిందనుంచి బొంగురు గొంతు.

"వదలవయ్యా బాబూ! ఇంతసేపా?"

అంతలో ఫోను మోగింది. ప్లంబరు.

"ఏమనుకోకండి సార్, వాషర్లకని బజారుకొచ్చాను."

"మరి కింద... ఎవరు?"

"పాప తప్ప ఎవరుంటారు సార్?"

సర్వేయరు పైప్రాణాలు పైనే పోయాయి. పరుగున మెట్లు దిగాడు. ఆఖరి మెట్టు దగ్గర పాదం నీళ్ళలో పడింది. చల్లగా... చిక్కగా... అడుగున బురద. కుళాయిలన్నీ పొడిగానే ఉన్నాయి. నీళ్ళు నేలలోంచి ఊరుతున్నాయి.

ఆ గొంతు ఎవరిదో అప్పుడు గుర్తొచ్చింది.

"ఆపు... తప్పయింది... ఆపవయ్యా!"

నీళ్ళలో తడబడుతూ పాప గదిలోకి దూరాడు.

"బుజ్జమ్మా!"

పాప గది మధ్యలో నిలబడి ఉంది. అతను గబుక్కున చంకల కింద చేతులేసి ఎత్తబోయాడు.

రాలేదు.

మళ్ళీ లాగాడు. ఫోను వెలుగు కిందికి తిప్పి, బురద చేత్తో తోసి చూశాడు. నిన్ననే పరిచిన పాలరాతి నేల. అందులోకి పాప కాళ్ళు పిక్కల దాకా దిగి ఉన్నాయి. రాయి ఎక్కడా పగల్లేదు.

పాప నిద్రమత్తుగా నవ్వింది.

"లాగకు నాన్నా," గుసగుసగా అంది. "ఇప్పుడిప్పుడే వేరు పట్టుకుంటోంది."