మేకుకు మిగిలిన టోకెన్

డాక్టర్ అమృతరాజు తన లాబ్‌లోనే మైక్రోస్కోప్ మీదికి ఒరిగి ఉన్నాడు. వీపులో కత్తి. ఫ్రిజ్ ఖాళీ.

"ఏజెంట్ ఫోర్టీన్," అంజినప్ప చేతిలోని వైర్‌లెస్‌లో చీఫ్ గొంతు గరగరలాడింది. "పోయింది ఒక్క ట్యూబ్. బైరకూరు శనగచేలలో కంటికి ఆనని నులిపురుగు ఒకటి ఉంది. అది వేరుపురుగు ఒంట్లో దూరి తన కడుపులోని బాక్టీరియాను వదులుతుంది. ఆ బాక్టీరియా వేరుపురుగును చంపి, శవం కుళ్ళకుండా మిగతా క్రిములన్నిటినీ చంపేస్తుంది. ఏ సూదికీ మానని పుండ్లకు అదే మందు. ఆ బాక్టీరియా ఉన్న ట్యూబ్ చీకట్లో వెలుగుతుంది. రోలాండ్ ముఠా దాన్ని దేశం దాటించకూడదు."

"వాళ్ళకు ఇచ్చిందెవరు?"

"జెసింతా."

రోలాండ్ ముఠాలోకి చీఫే గూఢచారిగా పంపిన మనిషి ఆమె. ఈస్టర్ తర్వాత అంజినప్పకు పెళ్ళాం కావలసిన మనిషి.

పుల్ల ఐసు అమ్మేవాడి వేషంలో సైకిలెక్కి, ఆమె తండ్రి పనిచేసిన బంగారు గనుల ఊరు ఊరిగాం అంతా తిరిగాడు. గనులు సర్కారువయ్యాక మూసేసిన ఒక సొరంగం దగ్గర ఆగిపోయాడు. తుప్పు మేకుకు ఇత్తడి టోకెన్. నంబరు 2713. బండ కూలి పోయిన జెసింతా తండ్రిది. ఎప్పుడూ ఆమె మెడలో ఉండేది. గనిలో దిగేవాళ్ళు టోకెన్ బయట పెట్టి, పైకొచ్చాక తీసుకుంటారు. టోకెన్ ఎక్కువైతే ఒక మనిషి లోపలే ఉండిపోయాడని లెక్క. లెక్క చూసేవాడు లేకపోయినా ఆమె చెయ్యి ఊరుకోలేదు.

లోపల ఒకటే లాంతరు. పక్కన రోలాండ్, జెసింతా.

"ట్యూబ్ యాడ?" పిస్టల్ ఎత్తి అడిగాడు అంజినప్ప.

"ఏ ట్యూబ్?" నవ్వాడు రోలాండ్.

"చీకట్లో అదే చెప్తాది." లాంతరు వైపు వంగాడు.

"ఆర్పొద్దు అంజీ! నా మాట విను!"

"ఇంగా నీ మాట వినేదా?"

ఆర్పేశాడు. ముందు ఏమీ కనబడలేదు. రోలాండ్ జేబు నల్లగానే ఉంది. జెసింతా కొంగుముడిలో మాత్రం నీలిపచ్చగా, సన్నగా ఒక వెలుగు.

రోలాండ్‌కు ఆమె ఇచ్చింది నకిలీ. ఆ సంగతి అంజినప్పకూ రోలాండ్‌కూ ఒకేసారి తెలిసింది. రోలాండ్ ఆ వెలుగు మీదికి కాల్చాడు. అంజినప్ప ఆ పిస్టల్ మెరుపు మీదికి కాల్చాడు.

లాంతరు వెలిగించేసరికి రోలాండ్ మోకాలు పట్టుకుని అరుస్తున్నాడు. జెసింతాకు గుండు కొంగుముడికి జానెడు పైన తగిలింది. ట్యూబ్ చెక్కుచెదరలేదు.

"అందుకే ఆర్పొద్దంటి," అంది జెసింతా. "పిచ్చోడా."

"మాట్లాడొద్దమ్మీ. ఎత్తుకొని పోతా."

"నాయన టోకెన్... నేనే తీసుకోవాల."

సొరంగం వాకిలి చేరేలోపే ఆమె చెయ్యి అతని మెడ మీంచి జారిపోయింది. మేకు ఇంకా నాలుగడుగుల దూరంలో ఉంది.

వైర్‌లెస్ గరగరలాడింది. "శభాష్, ఫోర్టీన్! నష్టం?"

"ఏమీ లేదు సార్," అన్నాడు అంజినప్ప. "టోకెన్ ఒకటి ఎక్కువుండాది."