కొట్టంలో దగ్గు

చీకటి పడ్డాక ఆ గొర్రెల కొట్టం వైపు ఎవరూ పోయేవాళ్ళు కాదట. దాన్ని కట్టిన పెద్దాయన దగ్గీ దగ్గీ పోయాడు. ఆయన పోయిన చలికాలం నుంచే రాత్రిళ్ళు కొట్టంలో మళ్ళీ ఆ దగ్గు... అదే ఖళ్ళు ఖళ్ళు, చివర్లో అదే మూలుగు. పాలవాడైతే చుట్టూ తిరిగిపోతూ, అదే దగ్గర దారని బుకాయించేవాడు.

పెద్దాయన భార్య మాత్రం భయపడలేదు. "ఆయనకి చలేస్తోంది" అని కొట్టం కిటికీలన్నిట్లో గోనెసంచులు కుక్కింది. దగ్గు ఎక్కువైంది. ఇంకో వరస కుక్కింది.

ఆ రోజు కొడుకు ఉన్ని అమ్మడానికి సంతకి పోయాడు, రాత్రికి వచ్చేస్తానన్నాడు. కోడలికి కంటిమీద కునుకు లేదు. తను చేతులారా పెంచిన గొర్రె తొలిచూలుకి ఈనబోతోంది. దాన్ని అలా వదిలేయడానికి మనసొప్పలేదు.

కొట్టం తలుపు దగ్గర ఆగింది. లోపల దగ్గు... ఆ వెనకే గొర్రె అరుపు కూడా వినబడింది.

"నేనే మామయ్యా" అని గొణిగి, తలుపు తోసింది.

ఉచ్చ ఘాటు మొహాన కొట్టింది. కళ్ళు మండిపోయాయి. లాంతరు ఎత్తి చూస్తే — ముసలి పొట్టేలు. మెడ చాచి, అచ్చం మామగారిలా దగ్గుతోంది. దాని వెనక ఇంకోటి... ఇంకోటి... గాలాడక మందంతా ఉక్కిరిబిక్కిరవుతోంది. ఇన్నాళ్ళూ వణికించిన దెయ్యం ఇదా అని ఆమెకి ఒళ్ళు మండింది.

ఈనే గొర్రె గోడవారన నోరు తెరుచుకుని రొప్పుతోంది. కోడలు కనబడిన సంచులన్నీ పీకేసింది. అయినా గాలి కదల్లేదు. గొర్రె కళ్ళు తేలేస్తోంది.

"మేత వెనక... పైన ఇంకోటుందమ్మా" — తలుపు దగ్గర్నుంచి మెల్లగా ఓ గొంతు.

మొగుడు వచ్చేశాడు కాబోలనుకుంది. అతను తనని ఎప్పుడూ 'అమ్మా' అనడని అప్పుడు తట్టలేదు. "ఆఁ" అంటూనే మేత మోపులెక్కి, కప్పు కింద ఉన్న సంచి పీకింది. చల్లగాలి దూసుకొచ్చింది.

కాసేపటికి గొర్రె ఈనింది. పిల్ల తడి చెవులు దులుపుకుని, తూలుతూ లేచి నిలబడింది. దగ్గులన్నీ ఒక్కొక్కటే సద్దుమణిగాయి. కోడలికి సంతోషంతో ఏడుపొచ్చింది.

తెల్లారాక మొగుడు సంత నుంచి దిగాడు.

"రాత్రి ఆ పై కిటికీ సంగతి నువ్వు చెప్పకపోతే గొర్రె దక్కేది కాదు" అంది.

"నేను చెప్పడమేమిటి? బండి దొరక్క సంతలోనే పడుకున్నాను" అన్నాడు అతను.

ఇద్దరూ అత్తగారి వంక చూశారు. ఆవిడ పొయ్యి దగ్గర పాలు కాస్తోంది. తలెత్తలేదు.

"దగ్గుతూ చెప్పారా, దగ్గకుండా చెప్పారా?"

"దగ్గలేదత్తయ్యా..."

"అయితే తగ్గిందన్నమాట" అని, ఆవిడ పాలగిన్నె దించింది.